అయిదు గొంతుల యంత్రమునకు పాట కట్టుట
(వార్షికోత్సవ సందర్భమున తల్లిదండ్రుల సభలో సంఘము పక్షమున చేసిన ప్రసంగపాఠము)



ఈ సంవత్సరము సంఘమునకు తల్లిదండ్రులనుండి వచ్చిన ఉత్తరములలో పెక్కు ఒకే విషయమును గూర్చినవి. శనివారము మధ్యాహ్నము కంప్యూటరు గదిలో కొందరు పిల్లలు హెడ్‌ఫోన్లు తగిలించుకొని కీచుకీచుమను శబ్దములతో ప్రొద్దు పుచ్చుచున్నారనియు, అది వీడియో ఆటల సంగీతమనియు, తెలుగు బడిలో దానికేమి పని యనియు వాని సారాంశము. ఒక తండ్రిగారు మరింత సూటిగా, “ఆటలనుండి విడిపింపుడని మా వానిని మీకు అప్పగించితిమి, మీరు వానిని ఆటలోనికే దింపితిరి” అని వ్రాసిరి. ఈ తరగతిని కొనసాగించుటయో ఆపుటయో రాబోవు కార్యవర్గ సమావేశమున తేలవలసియున్నది. కావున ఆ గదిలో జరుగుచున్న పని యెట్టిదో తమకు ముందుగా విన్నవించుట మా విధి. విన్న పిమ్మట తాము వలదన్నచో ఆపుటకు మేము సిద్ధముగానే యున్నాము.

1983 జూలై 15వ తేదీన జపాను దేశమున నింటెండో సంస్థ ఫామికామ్ అను ఆటయంత్రమును విడుదల చేసెను. 1985లో అదియే రూపు మార్చుకొని నింటెండో ఎంటర్‌టైన్‌మెంట్ సిస్టమ్ అను పేరుతో అమెరికాలో అడుగుపెట్టెను. మన దేశమున అసలు యంత్రముకంటె దాని నకళ్లే ఎక్కువగా అమ్ముడుపోయినవి. 1990 తరువాతి సంవత్సరములలో “టీవీ వీడియో గేమ్” అను పేరుతో బజారులో దొరికిన పెట్టెలు, వానిలో దూర్చు పసుపుపచ్చని కార్ట్రిడ్జీలు ఈ సభలో నలువది యేండ్లు దాటిన వారందరకును జ్ఞాపకముండును. ఉత్తరములు వ్రాసిన వారిలో కొందరైనను ఆనాడు వేసవి సెలవులలో మారియోను గోతులు దాటించిన వారే యని మా అనుమానము. ఆ పాట ఇప్పటికిని వారి పెదవులపై ఆడుచునే యుండును.

ఆ పాటను కూర్చినవారు కోజి కోండో. సూపర్ మారియో బ్రదర్స్ ఆట 1985లో వెలువడెను. ఆట మొత్తము, అనగా బొమ్మలు, నియమములు, సంగీతము అన్నియు కలిపి 40 కిలోబైట్లకు మించలేదు. ఈనాడు చేతిలోని ఫోనుతో తీసిన ఒక్క ఛాయాచిత్రము అంతకు ఎన్నో రెట్లు పెద్దది. అందులో పాటలకు దక్కిన చోటు ఎంత స్వల్పమో ఊహింపుడు. ఆ స్వల్పమైన చోటనే ఒక తరమంతయు మరువని పాట ఇమిడినది.

ఆ యంత్రమునకు గుండెకాయ రికో సంస్థ చేసిన 2ఏ03 అను చిప్పు. లెక్కలు చేయునదియు, శబ్దము పుట్టించునదియు అదే. దానికి అయిదు గొంతులు కలవు. మొదటి రెండును చదరపు తరంగములను పలుకును. ఆ తరంగము ఎంతసేపు పైన నిలుచును, ఎంతసేపు క్రింద నిలుచును అనుదానిని మార్చవచ్చును. ఎనిమిదింట ఒక పాలు పైన నిలిచినచో సన్నని ముక్కు గొంతు వినబడును. సగపాలు నిలిచినచో బోలుగా, వెదురు గొట్టములో ఊదినట్లు వినబడును. ఈ రెంటికిని బిగ్గరతనము సున్న మొదలు 15 వరకు పదునారు మెట్లుగా కలదు. మూడవ గొంతు త్రిభుజ తరంగము. ఇది మెత్తనిది, మంద్రమునకు తగినది. కాని దీని బిగ్గరతనమును తగ్గించుటకు వీలులేదు; పలుకును, లేదా మానును. నాల్గవది శుద్ధమైన రొద. వాన చప్పుడు, తాళపు దెబ్బ, ప్రేలుడు అన్నియు దీనితోనే. అయిదవది ముందుగా ముద్రించిన చిన్న శబ్దపు తునకను వినిపించునది. అత్యధిక వేగమున ఒక తునక ఇంచుమించు ఒక్క సెకను మాత్రమే పలుకును. 1988లో వచ్చిన సూపర్ మారియో బ్రదర్స్ మూడవ భాగములో డోలు దెబ్బలకు దీనిని వాడిరి.

అంతియే. ఇంతకు మించి ఒక్క గొంతును ఆ యంత్రమున లేదు. పైపెచ్చు ఆటలో నాణెము దొరికినపుడో, వీరుడు ఎగిరినపుడో ఆ శబ్దమునకై పాటలోని ఒక గొంతు క్షణకాలము తప్పుకొని చోటీయవలెను. కావున పాటకట్టువాడు ఏ గొంతు తప్పుకొన్నను పాట కుంటుపడకుండునట్లు కట్టవలెను. ఇట్టి పనిని పిల్లవాడు ఆటవిడుపుగా చేయజాలడు. కూర్చుండి ఆలోచింపవలెను.

ఇక పాటను యంత్రములో వ్రాయు పద్ధతిని గూర్చి. 1987లో జర్మనీ దేశస్థుడు కార్స్టన్ ఒబార్స్కీ అమీగా కంప్యూటరునకై అల్టిమేట్ సౌండ్‌ట్రాకర్ అను సాధనమును వ్రాసెను. నాటినుండి ఇట్టి సాధనములకు ట్రాకర్ అని పేరు వచ్చినది. మన పిల్లలు వాడునది ఫామిట్రాకర్, ఖరీదులేనిది. తెరపై నిలువుగా అయిదు గడులు, ఒక్కొక్క గొంతునకు ఒక గడి. కాలము పైనుండి క్రిందికి వరుసలుగా నడచును. ఏ వరుసలో ఏ స్వరము పలుకవలెనో, ఎంత బిగ్గరగా పలుకవలెనో, ఏ విధముగా కదలవలెనో అచ్చట వ్రాయుదురు. పాశ్చాత్యుల గీతల పుస్తకముకంటె ఇది మన సంగీత పాఠశాలలలోని స్వరలిపి పుస్తకమునకే దగ్గర చుట్టము.

ఈ చుట్టరికము మొదట పిల్లలకు తట్టినదే గాని మాకు కాదు. ఫామిట్రాకరులో ఒక పుట సాధారణముగా 64 వరుసలు. అక్షరమునకు నాలుగు వరుసల చొప్పున ఎనిమిది అక్షరముల ఆదితాళము 32 వరుసలలో ఒక ఆవర్తము పూర్తిచేసుకొనును. ఒక పుటకు సరిగా రెండు ఆవర్తములు! మిశ్రచాపు కావలెనన్నచో పుటను 56 వరుసలకు కుదించిన చాలును. ఏడు నాలుగులు ఇరువది యెనిమిది, అట్టివి రెండు. తరగతిలో లెక్కలనిన పారిపోవు బాలుడొకడు ఖండచాపునకు ఎన్ని వరుసలు వలయునో బల్లమీద వ్రేళ్లతో తాళము వేయుచు తేల్చెను. 40 చాలునని వాని తీర్పు. సరియైనదే.

వేగమునకును లెక్క కలదు. జపాను, అమెరికా యంత్రములు సెకనునకు 60 పర్యాయములు పాటవైపు చూచును. ఆరు చూపులకు ఒక వరుస, నాలుగు వరుసలకు ఒక దెబ్బ అనుకొన్నచో నిమిషమునకు 150 దెబ్బలు పడును. సెకనునకు 50 పర్యాయములు తిరుగు యూరపు యంత్రములలో ఆ పాటయే 125కు దిగి నీరసించును. బిగ్గరతనపు మెట్లను, కదలికల ఆజ్ఞలను పదునారు ఆధారముగా గల అంకెలలో వ్రాయవలెను. తొమ్మిది తరువాత ఏ, బీ, సీ అని ఎఫ్ వరకు సాగుట చూచి మొదట పిల్లలు బెదరిరి. ఇప్పుడు వారు మన అంకెలవలెనే వానిని వాడుచున్నారు. పరీక్షలకు పనికివచ్చునా యని అడిగెడివారికి ఇదియొక జవాబు. మాకు మాత్రము అది ప్రధానము కాదు.

క్రొత్తగా మొదలుపెట్టువాడు అయిదు గొంతులను ఒక్కసారి పలికించి సంత చేయును. అందుచేత మొదటి నెల ఒక్క గొంతే యని మేము కట్టడి చేసితిమి. మోహన రాగపు అయిదు స్వరములతో ఒక చిన్న పల్లవి కట్టుడని చెప్పుదుము. ముందు నోటితో పాడవలెను, తరువాతనే మీట నొక్కవలెను. పిమ్మట స్వరమునకు ఆకారమిచ్చుట నేర్పుదుము. బిగ్గరతనము 15తో మొదలై క్రమముగా సున్నకు జారినచో వీణ మీటినట్లుండును. ఒకే మెట్టున నిలిచినచో నాదస్వరపు పోకడ వచ్చును. రెండవ నెల త్రిభుజపు గొంతు. దానిని ఎత్తుననుండి క్షణములో క్రిందికి జార్చి, అదే క్షణమున నాల్గవ గొంతుతో చిన్న రొద కలిపినచో మద్దెల దెబ్బ వినబడును. అది విన్ననాడు పిల్లల ముఖములు చూడవలసినదే!

రెండవ చదరపు గొంతుతో ఏమి చేయవలెనను విషయమున మాలో మాకే వాదము కలదు. పాశ్చాత్యులు దానితో ప్రతిధ్వని కల్పింతురు. మొదటి గొంతు పాడినదానినే కొన్ని వరుసలు వెనుకగా, మెల్లగా పాడింతురు. మరియొక ఉపాయము కలదు. ఒక గొంతు ఒక క్షణమున ఒక్క స్వరమే పలుకగలదు గదా! స, అంతర గాంధారము, పంచమము అను మూటిని సెకనులో అరువదవ వంతునకొకటిగా త్రిప్పుచు పలికించినచో చెవి వానిని ఒకే మేళనముగా భ్రమించును. ఆనాటి ఆటల సంగీతమునకు ఆ గలగలమను ధ్వని ఈ భ్రమవలననే వచ్చినది. ఉపాయము ముచ్చటైనదే. ఐనను మన పాటకు అది తగునా? తగదనియే మా అభిప్రాయము. ఆ గొంతును తంబురగా మార్చి, పంచమము, షడ్జము, షడ్జము, మంద్ర షడ్జము అని మెల్లగా మీటించినచో పాట కుదుటపడును. పిల్లలలో సగము మంది ఇందుకు ఒప్పుకొనరు. ఒప్పుకొనుమని మేము పట్టుపట్టలేదు.

అసలు కష్టము గమకములయొద్ద వచ్చినది. తమకు దీనిని కొంచెము వివరముగా చెప్పవలెను.

నిరుడు ఒక బాలిక తన నాయనమ్మ పాడు జోలపాటను యంత్రమునకు ఎక్కించినది. స్వరములు తప్పులేవు, తాళము తప్పులేదు. ఇంటికి కొనిపోయి వినిపించినది. ఆ అవ్వ కొంతసేపు విని, “పాట అదేనమ్మా. ఉయ్యాల మాత్రము ఊగుటలేదు” అన్నదట. గాంధారము నిలువుగా నిలుచుండినది. అవ్వ నోట అది పైనుండి జారి, ఊగి, తరువాత నిలుచును. బాలిక మరల వచ్చి, స్వరమునుండి స్వరమునకు జారు ఆజ్ఞను, కంపించు ఆజ్ఞను, శ్రుతిని వెండ్రుకవాసి తగ్గించు ఆజ్ఞను వెదకి నేర్చుకొనినది. మూడు శనివారములు ఒక్క గాంధారముపైననే గడచినవి. ప్రతి వారము ఇంటికి పోవుట, అవ్వ తల అడ్డముగా ఊపుట, మరల దిద్దుట. నాల్గవ వారమున అవ్వ తల ఆడింపలేదు, యంత్రముతో కలిసి పాడసాగినది. పాడుచు పాడుచు ఇంటిలో ఎవరును అంతవరకు వినని మూడు చరణములు పాడినది. బాలిక తండ్రి ఆ సంగతి చెప్పి, “మా అమ్మకు అవి వచ్చునని నాకే తెలియదు” అనెను.

అమ్మలారా, అయ్యలారా! తమిళదేశమున మన పిల్లల స్థితి తమకు చెప్పనక్కరలేదు. వీధిలో ఒక భాష, పరీక్షలో ఒక భాష, తెలుగు ఇంటి గడప లోపల మాత్రమే. గడప లోపల కూడ అది అవ్వ తాతల నోటనే మిగిలియున్న ఇండ్లు పెక్కు. జోలపాటలు, మంగళహారతులు, నాట్ల పాటలు మన పూర్వులు ఈ ప్రాంతమునకు తెచ్చుకొన్నవి కొన్ని, ఇచ్చటనే పుట్టినవి కొన్ని. వానిలో తమిళపు మాట కలిసినవి కూడ కలవు. తిరువయ్యారులో కూర్చుండి త్యాగరాజస్వామి తెలుగున పాడినది శిష్యులు వ్రాసికొనిరి గనుక నిలిచినది. మన అవ్వల పాటలను వ్రాసికొన్న శిష్యులెవరు? పాడుమని పిల్లలు అడుగరు. అడుగనిదే వారు పాడరు.

అయిదు గొంతుల యంత్రము దీనికంతకును మందు అని మేము అనుట లేదు. అది మాటలను పట్టజాలదు, వరుసలను మాత్రమే పట్టును. అందుచేత పాట ఎక్కించిన ప్రతి పిల్లవాడును ఆ పాట మాటలను, పాడినవారి పేరును, వారు ఎవరియొద్ద నేర్చిరో ఆ వివరమును తెలుగు లిపిలో నోటుపుస్తకమున వ్రాయవలెనను నియమము పెట్టితిమి. కూడికవేతలకు భయపడని పిల్లలు ఒత్తులకు, గుడిదీర్ఘములకు భయపడుచున్నారు. అవ్వ చెప్పిన మాటను తప్పుగా వ్రాయుటకు సిగ్గుపడి నేర్చుకొనుచున్నారు. పాఠ్యపుస్తకముతో మేము సాధింపలేనిది ఇది.

తమ భయములలో కొన్ని న్యాయమైనవే. పాట కట్టు కంప్యూటరులోనే ఆటయు ఆడవచ్చును. పిల్లలకు ఆ దారి మనకంటె బాగుగా తెలియును. చెవులకు హెడ్‌ఫోన్లు పెట్టి ఈ కీచు శబ్దములను బిగ్గరగా వినుట మంచిది కాదు. అందుచేత ఈ పని బడిలోనే, వారమునకు ఒక్క గంట మాత్రమే, ఉపాధ్యాయుడు గదిలో నుండగనే జరుగవలెనని మా సూచన. పదవ తరగతి పిల్లలకు జనవరినుండి పరీక్షలు ముగియువరకు సెలవు. ఇంటిలో ఇందుకై కంప్యూటరు కొనుడని పిల్లలు అడిగినచో కొనవలదు; మేము అడుగమని చెప్పలేదు.

ఇంకను సందేహమున్నవారు కార్యవర్గ సమావేశమునకు ముందు రెండు శనివారములు మధ్యాహ్నము మూడు గంటలకు కంప్యూటరు గది తలుపు తెరచియుండును, వచ్చి చూడుడు. ఒంటరిగా రావలదు. ఇంటిలో పాట తెలిసిన అవ్వను గాని తాతను గాని వెంటబెట్టుకొని రండు. మెట్లెక్కలేనివారికై ఆ రెండు దినములును ఒక కంప్యూటరును క్రింది వరండాలోనికి దింపించి, కుర్చీలు వేయించి ఉంచెదము.