నేర్చుకునే ఏడాదికి అన్నం

(సంఘం వార్షిక సర్వసభ్య సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



మేము ఉపన్యాసకులం కాము. చేతిలో స్క్రూడ్రైవరు ఉంటే కుదురుగా ఉంటాము గాని, మైకు ముందు తడబడతాము. వృత్తి మార్పు, చేతిపనుల గురించి నాలుగు మాటలు చెప్పమని కార్యదర్శి గారు రెండు సార్లు ఇంటికి వచ్చి అడిగారు. కాదనలేకపోయాము. ఈ సంగతి మాకు పుస్తకాల్లోంచి వచ్చింది కాదు. మూడు తరాలుగా మా ఇంట్లో జరిగిందే. కాబట్టి అదే చెబుతాము. తప్పులుంటే మన్నించగలరు.

మా తాత దూది ఏకేవాడు. మనిషి కంటే పొడుగైన విల్లు భుజానికి తగిలించుకొని, నరం తీగ సరిచూసుకొని, తెల్లవారక ముందే పల్లెల మీదికి పోయేవాడు. కొయ్య గూటంతో తీగను కొడుతుంటే ఆ మోత రెండు వీధుల అవతలికి వినపడేది. పెళ్లిళ్ల రోజుల్లో పరుపులు, దిండ్లు కుట్టడానికి ఊపిరి సలపని పని. కూలి కొంత డబ్బు, కొంత జొన్నలు. మన వైపు మమ్మల్ని దూదేకులవారనీ, నూర్‌బాషాలనీ అంటారు. కర్ణాటకలో పింజారులు, నదాఫులు అంటారు. అరబ్బీలో హల్లాజ్ అన్న మాటకు అర్థం కూడా దూది ఏకేవాడనే. అంత పాత పని అది.

ఆ పని మా కళ్ల ముందే పోయింది. మొదట ఏకుడు మిషన్లు వచ్చాయి. ఆ వెనక కొబ్బరి పీచు పరుపులు, ఫోము పరుపులు వచ్చాయి. ఫోము పరుపును ఏకనక్కర లేదు, ఏడాదికోసారి విప్పి కుట్టనక్కర లేదు. తాత విల్లు దూలానికి వేలాడి వేలాడి, తీగ తెగి, ఆఖరుకు పొయ్యిలోకి పోయింది. ఇందులో ఎవరినీ తిట్టవలసింది లేదు. కాలం మారింది, పని పోయింది. కాని పని పోయినంత తేలికగా మనిషి పోడు గదా! మనిషికి రోజూ ఆకలి వేస్తుంది.

మా నాయన మమ్మల్ని ఇంటరు దాకా చదివించాడు. "నీ చేతికి దూది అంటకూడదు, సిరా అంటాలి" అనేవాడు. ఆయన కోరిక నెరవేరింది. 1982లో గుంటూరు జిల్లాలో ఒక స్పిన్నింగు మిల్లు ఆఫీసులో గుమాస్తా పని దొరికింది. తాత చేతులతో ఏకిన దూదినే మేము కాగితం మీద బేళ్ల లెక్కన రాశాము. తెల్ల చొక్కా వేసుకొని పదహారేళ్లు గడిపాము. 1998లో మిల్లు మూతబడింది. రావలసిన జీతాలు కొన్ని వచ్చాయి, కొన్ని రాలేదు. అప్పటికి మాకు ముప్పై ఆరేళ్లు. ముగ్గురు పిల్లలు. చేతనైన పని మస్టరు రోలు రాయడం ఒక్కటే. కొట్లలో అడిగితే, "మీకిచ్చే జీతానికి ఇద్దరు కుర్రాళ్లు వస్తారండీ" అన్నారు. అందులో అబద్ధం లేదు.

అప్పుడు మా మేనల్లుడు ఒక మోటారు వైండింగు షెడ్డుకు తీసుకుపోయాడు. మన పల్నాడు వైపు బోర్ల కింద సేద్యం. ఓల్టేజి పడిపోయినా, మూడు ఫేజుల్లో ఒకటి పోయినా మోటారు కాలిపోతుంది. ఎండాకాలం వస్తే రైతులు మోటార్లు ఎడ్ల బండ్ల మీదా, ట్రాక్టర్ల మీదా వేసుకొని షెడ్డు ముందు వరసగా నిలబడేవారు. ఆ షెడ్డు మేస్త్రీకి ఇరవై నాలుగేళ్లు. మా కంటే పన్నెండేళ్లు చిన్నవాడు. మమ్మల్ని "బాబాయ్" అని పిలిచేవాడు గాని, పని దగ్గర మాత్రం ఏ మొహమాటమూ లేదు. మొదటి రోజు చీపురిచ్చి షెడ్డు ఊడ్వమన్నాడు. ఊడ్చాము. తెలిసినవాళ్లు ఎవరైనా చూస్తారేమోనని వీధి వైపు వీపు పెట్టి ఊడ్చాము. ఆ మాట దాచుకోవడం ఎందుకు?

పిల్లల కోసం ఆ పని ఏమిటో కొంచెం చెప్పాలి. కాలిన మోటారు వస్తే పాత చుట్టు విప్పాలి. విప్పేటప్పుడే ఒక్కో కాయిల్‌లో ఎన్ని చుట్లున్నాయో లెక్కపెట్టాలి. తీగ మందం గేజుతో కొలవాలి. ఏ స్లాటులోంచి ఏ స్లాటుకు పోయిందో రాసుకోవాలి. మూడు ఫేజులు, నాలుగు పోళ్లు, 36 స్లాట్లు ఉన్న మోటారైతే పోలుకు ఒక్కో ఫేజుకు మూడేసి స్లాట్లు వస్తాయి. చుట్లు తగ్గినా, తీగ సన్నమైనా మోటారు వేడెక్కి మళ్లీ కాలిపోతుంది. కొత్త చుట్టు వేసి, కాగితం దూర్చి, వార్నిష్ పోసి, ఆరబెట్టి, పరీక్ష చేసి పంపాలి. చదువు అక్కర లేని పని అని ఎవరైనా అంటే వారు ఆ షెడ్డు లోపలికి రాలేదని అర్థం.

ఒక రోజు మేస్త్రీ లెక్క మరిచిపోయాడు. పాత తీగ అప్పటికే తుక్కు కుప్పలో కలిసిపోయింది. మేము జేబులోంచి నోటు పుస్తకం తీసి చూపించాము. హెచ్.పి., స్లాట్లు, చుట్లు, గేజు అన్నీ మిల్లు పద్దులాగా గళ్లు గీసి రాసి ఉన్నాయి. అప్పటిదాకా మా గుమాస్తాగిరీ అంతా వృథా అయిందనుకున్నాము. ఆ రోజు తెలిసింది, కాలేదని. పాత పనిలో పట్టుబడిన అలవాటు కొత్త పనిలోకి వెంట వస్తుంది. ఆ నోటు పుస్తకాలు ఇప్పటికీ మా షెడ్డులో ఉన్నాయి.

ఇంతవరకు విని, "కష్టపడ్డాడు, పైకి వచ్చాడు" అని మీరు చప్పట్లు కొడతారేమో. కొట్టకండి. అసలు సంగతి ఇప్పుడు చెప్పాలి.

మాతోపాటు అదే మిల్లులో ఫిట్టరుకు సాయంగా పనిచేసిన ఒక మిత్రుడు కూడా ఆ షెడ్డుకు వచ్చాడు. మా కంటే వాడి చెయ్యి చురుకు. మాకు వారం పట్టిన పని వాడికి రెండు రోజుల్లో వచ్చింది. కాని షెడ్డులో మొదటి నాలుగు నెలలు కూలి లేదు. తర్వాత రోజుకు ఇరవై రూపాయలు. మా వీధి కిరాణా కొట్టాయన పదకొండు నెలలు బియ్యం, పప్పు, నూనె ఖాతా మీద ఇచ్చాడు. ఒక్కనాడు గడప ఎక్కి అడగలేదు. మా ఇంటావిడ చీరలకు ఫాల్సు కుట్టింది, గాజులు అమ్మింది. మా మిత్రుడికి అటువంటి కొట్టు లేదు. మూడు వారాలు వచ్చాడు. నాలుగో వారం పత్తి గోడౌనులో బస్తాలు మోయడానికి పోయాడు. ఆ సాయంత్రమే చేతికి కూలి వస్తుంది గదా! నడుము పోయేదాకా అదే పని చేశాడు.

మా ఇద్దరిలో తెలివిగలవాడు వాడు. మాకు దొరికి వాడికి దొరకనిది నేర్చుకునే ఏడాదికి అన్నం. అంతే తేడా. ఆ ఖాతా తీర్చడానికి మాకు పంతొమ్మిది నెలలు పట్టింది. వాడి ఖాతా మాత్రం ఇప్పటికీ మన అందరి మీద ఉన్నట్టే మాకు తోస్తుంది.

హజ్రత్ దావూద్ అలైహిస్సలాం ఇనుముతో కవచాలు చేశారనీ, హజ్రత్ జకరియ్యా అలైహిస్సలాం వడ్రంగం చేశారనీ మనం సభల్లో చెప్పుకుంటూనే ఉంటాము. అబూ దావూద్ హదీసు గ్రంథంలో ఉన్న మరొక సంఘటన మనకు తెలిసిందే. ప్రవక్త సల్లల్లాహు అలైహి వసల్లం వద్దకు ఒక అన్సారీ యాచించడానికి వచ్చాడు. ఆయన అతని ఇంట్లో ఉన్న గుడ్డను, గిన్నెను తెప్పించి రెండు దిర్హములకు వేలం వేశారు. ఒక దిర్హముతో ఇంటివారికి తిండి కొనిపెట్టమన్నారు. రెండో దానితో గొడ్డలి కొనుక్కు రమ్మని, తమ చేతులతోనే దానికి పిడి బిగించి, కట్టెలు కొట్టుకొమ్మని పంపారు. పదిహేను రోజుల తర్వాత అతడు పది దిర్హములతో తిరిగి వచ్చాడు.

మనం ఈ కథలో గొడ్డలినే గుర్తు పెట్టుకున్నాము. కష్టపడి బతకమని కుర్రాళ్లకు బోధిస్తాము. మొదటి దిర్హము సంగతి మరిచిపోతాము. అది ఇంట్లో తిండికి పోయింది. ముందు తిండి, తర్వాత పనిముట్టు. ఆ వరుస ఊరికే పెట్టింది కాదని మా మనవి.

ప్రభుత్వం వారికి కూడా ఈ సంగతి తెలిసినట్టే ఉంది. 2023 సెప్టెంబరు 17న మొదలైన పి.ఎం. విశ్వకర్మ పథకంలో దర్జీ, వడ్రంగి, తాపీమేస్త్రీ మొదలైన 18 వృత్తులు చేర్చారు. శిక్షణ రోజుల్లో రోజుకు 500 రూపాయల భత్యం, పనిముట్లకు 15,000 రూపాయలు అని పెట్టారు. మంచిదే. కాని ఎలక్ట్రీషియన్, మోటారు మెకానిక్ ఆ 18లో లేరు. దూదేకుల వృత్తీ లేదు. ఐ.టి.ఐ.ల సంగతి చూస్తే, దేశంలో ఆ శిక్షణ పథకం 1950 నుంచీ ఉంది. ఎలక్ట్రీషియన్, ఫిట్టరు, ఏసీ మెకానిక్ కోర్సులు రెండేళ్లు. వెల్డరు, ప్లంబరు ఒక ఏడాది. అప్రెంటిసుల చట్టం 1961లో వచ్చింది. దాని కింద ఫ్యాక్టరీలో నేర్చుకుంటూ స్టైపెండు తీసుకోవచ్చు. పని వచ్చీ కాగితం లేనివారికి, పూర్వ నైపుణ్యాన్ని పరీక్షించి సర్టిఫికెట్టు ఇచ్చే ఏర్పాటూ ఉంది. ఆ కాగితాన్ని చిన్నచూపు చూడవద్దు. గల్ఫుకు పోయినా, ఇక్కడే కంపెనీలో చేరినా, చేతిలో పని ఒక్కటే చాలదు, దానికి రుజువు అడుగుతారు.

ఇక పెద్దలకు ఒక మాట. నొచ్చుకోవద్దు. మన పెళ్లి సంబంధాల్లో "అబ్బాయి ఏం చేస్తాడు?" అని అడిగి, "మెకానిక్కు" అనగానే చాయ్ కప్పు కింద పెట్టేస్తాము. ఫైనాన్సు ఆఫీసులో చిన్న జీతానికి కూచున్నవాడికి పిల్లనిస్తాము, వాడికంటే ఎక్కువ సంపాదించే ప్లంబరుకు ఇవ్వము. మేమూ ఆ పని చేశాము. చెల్లెలి కూతురికి వచ్చిన ఒక ఏసీ మెకానిక్కు సంబంధాన్ని వద్దని సలహా ఇచ్చింది మేమే. మా గోళ్లలో వార్నిష్ మరక ఉండగానే ఆ మాట అన్నాము. ఆ పిల్ల ఈ రోజు ఈ సభలోనే ఉంది. అమ్మా, మమ్మల్ని మన్నించు.

యువకులకు ఒక మాట. వయసు మించిపోయిందని అనుకోవద్దు. మర్వ్ పట్టణంలో ఖఫ్ఫాల్ అనే గొప్ప ధర్మశాస్త్రవేత్త ఉండేవారు. 1026లో మరణించారు. ఖఫ్ఫాల్ అంటే తాళాలు చేసేవాడు. ముప్పై ఏళ్ల దాకా తాళాలు చేసి, ఆ తర్వాతే చదువుకు కూచున్నారని చరిత్రలో రాశారు. ముప్పై ఏళ్లకు తాళం వదిలి కితాబు పట్టుకోగలిగితే, ముప్పై ఏళ్లకు కితాబు వదిలి పానా పట్టుకోవడానికి ఏం అడ్డం? అయితే రెండు జాగ్రత్తలు. కరెంటుతో ధైర్యం పనికిరాదు, మెయిను తీసి, టెస్టరు పెట్టి చూసి, ఆ తర్వాతే చెయ్యి పెట్టాలి. రెండోది, సన్న తీగ వేసి లావు తీగ డబ్బు తీసుకోవద్దు. మోటారు లోపల ఏముందో రైతుకు కనపడదు. కనపడనిచోట చేసే పని అమానతు.

చివరగా సంఘానికి మా మనవి. ఏటా ఇంజనీరింగు, మెడిసిను చదివే పిల్లలకు బహుమతులిస్తున్నాము. ఇవ్వాలి. దానితోపాటు ఏటా ఐదుగురిని, అది కుర్రాళ్లే కానక్కర లేదు, పని పోయిన నలభై ఏళ్లవారైనా సరే, మిషను కుట్టు నేర్చుకునే ఆడవాళ్లైనా సరే, ఎంచుకుందాం. వారు నేర్చుకునే ఏడాది పొడుగునా నెలనెలా ఇంటి సరుకులు సంఘం ఖాతా మీద కొట్టు నుంచి నేరుగా ఇంటికి పంపుదాం. ఎవరికి పంపుతున్నామో సభలో చదవవద్దు. నెలకోసారి మేస్త్రీని అడిగి పని వస్తున్నదో లేదో తెలుసుకుందాం. ఏడాది చివర పనిముట్ల పెట్టె ఇద్దాం. జకాతు సొమ్ము ఇందులో ఎంతవరకు వాడవచ్చునో ఉలమాలను అడిగి తేల్చుకుందాం. నిలదొక్కుకున్నవారు తర్వాత వీలు చూసుకొని మరొకరి సరుకులకు ఇస్తారు. ఇవ్వలేకపోతే అడగవద్దు, మా కొట్టాయన అడగనట్టే.

మా వంతుగా మా షెడ్డులో ఇద్దరికి చోటు ఉంది. మొదటి రోజు నుంచే కూలి ఇస్తాము. షెడ్డు ఊడ్చే పని మాత్రం తప్పదు. మొదటి వారం వారితోపాటు మేమూ ఊడుస్తాము, ఈసారి వీధి వైపు తిరిగి.

అల్లాహ్ మన చేతులకు పనిని, ఆ పనిలో బర్కత్‌ను ప్రసాదించుగాక.