రంది పెట్టుకోకు అంటే తగ్గని జబ్బు

(గద్వాల, వనపర్తి, నాగర్‌కర్నూల్ ప్రాంతాల మహిళా కార్యకర్తల సమావేశంలో చేసిన ప్రసంగ పాఠం)



నన్ను మాట్లాడమన్న జబ్బుకు పుస్తకాల్లో 'సాధారణీకృత ఆందోళన రుగ్మత' అని పేరు. ఈ పేరు పట్టుకుని ఊళ్లోకి వెళితే మన మాట ఎవరూ వినరు. మన ఆడవాళ్లకు ఈ బాధ చెప్పుకోవడానికి మాటలు లేక కాదు. రంది అంటారు, బుగులు అంటారు. "గుండె దడదడ కొట్టుకుంటది, తిన్నది పెయ్యికి పట్టది, రాత్రి కన్ను మూతపడది" అంటారు. ఇంతకన్నా బాగా ఏ డాక్టరూ చెప్పలేదు.

ఏ రంది జబ్బు, ఏది కాదు అన్నదానికి డాక్టర్లకు ఒక లెక్క ఉంది. ఆందోళన ఆరు నెలలకు పైగా, ఎక్కువ రోజులు ఉండాలి. అప్పు, పిల్లల జ్వరం, రేపటి కూలి ఇలా ఒకదాని మీంచి ఇంకోదాని మీదికి పాకుతూ, ఆపుకుందామన్నా ఆగకుండా ఉండాలి. దాంతోపాటు స్థిమితం లేకపోవడం, అలసట, మనసు నిలవకపోవడం, చిరాకు, మెడా భుజాలూ బిగుసుకుపోవడం, నిద్ర చెడటం - వీటిలో కనీసం మూడు కనిపించాలి. ఇది మగవాళ్లలో కంటే ఆడవాళ్లలో దాదాపు రెట్టింపు.

ఇక్కడ మీలో కొందరికి అభ్యంతరం ఉంటుందని తెలుసు. ఇన్ని కష్టాల మధ్య రంది పడక ఏం చేస్తారు, దాన్ని జబ్బు అనడం అన్యాయం కాదా అని. నడిగడ్డలో సీడ్ పత్తినే చూడండి. సాయంత్రం పూమొగ్గలు గిల్లి, మర్నాడు పొద్దున పుప్పొడి అద్దే క్రాసింగ్ పని అంతా ఆడవాళ్లూ ఆడపిల్లలూ చేస్తారు. పెట్టుబడికి ఆర్గనైజరు దగ్గర అడ్వాన్సు. విత్తనం అప్పజెప్పినా డబ్బు రాదు. జన్యు స్వచ్ఛత పరీక్ష ఫలితం వచ్చేదాకా ఆగాలి. ఫెయిలయిందంటే పంట పోయినట్టే, అడ్వాన్సు మాత్రం అప్పుగా మిగులుతుంది. నెలల తరబడి తన చేతిలో లేని ఫలితం కోసం ఎదురుచూసే ఆమెను "ఊరికే భయపడుతున్నావు" అనడానికి మనకు నోరెలా వస్తుంది? పాలమూరు లేబరుగా భర్త బొంబాయికో పూనాకో పోతే ముసలివాళ్లతో ఇంట్లో మిగిలిన ఆమె సంగతీ అంతే.

కానీ ఇంకో మాట కూడా చెప్పాలి. విత్తనం పాసై డబ్బు చేతికి వచ్చాక కూడా నిద్ర పట్టని ఆడవాళ్లున్నారు. ఏళ్ల తరబడి ప్రమాదానికి కాచుకుని ఉన్న శరీరం, ప్రమాదం తప్పినా కాపలా దిగదు. అప్పుడు కారణం బయట ఉన్నా జబ్బు లోపల ఉన్నట్టే. "అంతా నీ మనసులోనే ఉంది" అనే డాక్టరుతో నాకెంత పేచీ ఉందో, "వ్యవస్థ మారితే అదే తగ్గుతుంది" అనే మన సంఘాలతోనూ అంతే పేచీ. ఆ మారే దాకా ఆమె నిద్రపోవద్దా?

జరుగుతున్నదేమిటంటే, ఆమె గుండెదడ అని ఆర్ఎంపీ దగ్గరికి పోతుంది. గ్లూకోజు ఎక్కిస్తారు. పట్నంలో ఇసిజి తీసి "ఏం లేదు" అంటారు. రక్తహీనత, థైరాయిడ్ కూడా ఇలాగే దడ పుట్టిస్తాయి కాబట్టి ఆ పరీక్షలు తప్పక చేయించాలి. అవి బాగున్నాయంటే "ఏం లేదు" అని అర్థం కాదు.

చివరికి చేతికొచ్చేది అల్ప్రాజోలం బిళ్ల. పూటలో నెమ్మదిస్తుంది, వారాలు గడిస్తే అలవాటవుతుంది, ఒక్కసారిగా మానితే మూర్ఛలొస్తాయి. కల్తీ కల్లులో కలిపేదీ ఇదే. 2015లో తెలంగాణలో కల్తీ కల్లును అరికట్టినప్పుడు వందల మంది వణుకుతో, మూర్ఛలతో, మతి తప్పి ఆసుపత్రులకు చేరారు. సాయంత్రం ఒక సీసా తాగితే నిద్ర పడుతుందనే కూలి ఆడమనిషి, తనకు తెలియకుండానే ఆ మందు వాడుతోంది. ఆమెను తాగుబోతు అనకండి. అట్లాగని రేపే మానేయమనీ అనకండి, డాక్టరు పర్యవేక్షణలో మెల్లగా మాన్పించాలి.

సరైన వైద్యం వేరే ఉంది. ఎస్సిటాలోప్రామ్, సెర్‌ట్రలిన్ వంటి మందులు అలవాటు చేయవు, కాని గుణం కనిపించడానికి రెండు నుంచి ఆరు వారాలు పడుతుంది. మొదటి వారంలోనే "పని చేయలేదు" అని పారేసేవాళ్లే ఎక్కువ. కౌన్సెలింగ్‌లో నేర్పేవి కొన్ని మన సంఘాల్లోనూ చేయించవచ్చు. రందిని రెండుగా విడదీయడం: ఈ రోజు నేను చేయగలిగింది, నా చేతిలో లేనిది. రెండోదానికి రోజూ ఒకే వేళ, పావుగంట కేటాయించి, మిగతా వేళల్లో వస్తే "ఆ పూటకు" అని వాయిదా వేయడం. ఊపిరి తీసుకున్నదానికంటే నెమ్మదిగా వదలడం. చాయ్ తగ్గించడం. ఇవి చిన్నవిగా కనిపిస్తాయి, రోజూ చేస్తే పనికొస్తాయి.

ఇంతకీ మన ఆడవాళ్లు మందుకు భయపడటం లేదు, చీటీకి భయపడుతున్నారు. మానసిక డాక్టరు చీటీ అత్తింటివాళ్ల చేతిలో పడితే "పిచ్చిది" అని విడాకులకు పోతారని. ఈ భయం ఉత్తది కాదు, కాని చట్టం అటు లేదు. భార్యకు ఫలానా మానసిక జబ్బు ఉందని పేరు పెట్టినంత మాత్రాన హిందూ వివాహ చట్టం కింద విడాకులు రావని, అది కలిసి బతకలేనంత తీవ్రంగా ఉందని రుజువు చేయాలని సుప్రీంకోర్టు 1988లోనే, రామ్ నారాయణ్ గుప్తా కేసులో చెప్పింది. 2017 మానసిక ఆరోగ్య సంరక్షణ చట్టం ఇంకా ముందుకు పోయింది. మానసిక జబ్బు ఉన్నంత మాత్రాన మతి స్థిమితం లేనివాళ్లని అర్థం కాదు, ఆ మాట కోర్టే తేల్చాలి అంటుంది. రోగి వివరాలు గోప్యంగా ఉంచడం ఆమె హక్కు.

అదే చట్టం 18వ సెక్షను ప్రకారం ప్రభుత్వ ఆసుపత్రిలో ఈ వైద్యం అడిగి పొందవచ్చు. జిల్లాలో కనీస సేవలు లేకపోతే, జిల్లాలోనే వేరే చోట చేయించుకున్న ఖర్చు ప్రభుత్వం భరించాలి. వనపర్తి, నాగర్‌కర్నూల్‌లలో 2022లో, గద్వాలలో 2024లో ప్రభుత్వ వైద్య కళాశాలలు మొదలయ్యాయి కనుక ఎర్రగడ్డ దాకా పొమ్మంటే ఊరుకోనక్కర్లేదు. 2022లో మొదలైన టెలి మానస్ నంబరు 14416, రాత్రీ పగలూ ఉచితం. ఇంట్లో ఫోను భర్త చేతిలో ఉంటే సంఘం ఫోను నుంచి మాట్లాడించండి.

వచ్చే సమావేశానికి వచ్చేటప్పుడు మీ జిల్లా ఆసుపత్రిలో మానసిక వైద్యుల ఓపీ ఏయే రోజుల్లో ఉంటుందో, నేను చెప్పిన రెండు మందులూ అక్కడి ఫార్మసీలో ఇస్తున్నారో లేదో అడిగి రాసుకుని రండి. ఇవ్వకపోతే కలెక్టరుకు ఇవ్వాల్సిన వినతిపత్రం అక్కడే కూర్చుని రాద్దాం.