కీళ్ల అరుగుదల – అణువుల జాడ



రాయదుర్గం సీమలో వేరుసెనగ పెఱికి, కాయ వలిచి, కుట్టుమిషను త్రొక్కి జీవించువారికి మోకాలే పెట్టుబడి. ఏబదియేండ్లు దాటినవారు నలుగురు అరుగుమీద కూడినచో మొదటిమాట వాన, రెండవమాట మోకాటినొప్పి. “వాతము పట్టినది, వయస్సు వచ్చినది” అని నిట్టూర్చి, నూనె కాచి రాచుకొని ఊరకుందురు. సంధిగతవాతపు ప్రస్తావన చరకసంహితయందే కలదు. కాని కీలులోపల జరుగునదేమి? కత్తి పెట్టకుండ దానిని చూచుట యెట్లు? ఇది నేటి ప్రసంగవిషయము.

రెండెముకలు కలియుచోట వాని కొనలపై నున్నని తొడుగు గలదు. దానిని మృదులాస్థి యందురు. అందు నూటికి 65 మొదలు 80 పాళ్లవరకు నీరే. ఆ నీటిని పట్టి నిలుపునది ప్రోటియోగ్లైకాన్ అను పదార్థము. చెరువునకు కట్ట యెట్టిదో మృదులాస్థికి అది యట్టిది. అది క్షీణించినచో తొడుగు బరువునకు ఆగలేక మెత్తబడి, చిట్లి, అరిగిపోవును.

ఇందలి మోస మేమనగా, మృదులాస్థికి నరములు లేవు, రక్తనాళములును లేవు. నరములు లేనందున అరుగునపుడు మొఱపెట్టదు. రక్తనాళములు లేనందున అరిగినది సులభముగా పూడుకొనదు. క్రింది ఎముకయో, చుట్టునున్న పొరయో బాధపడినప్పుడే నొప్పి తెలియును. ఎక్సురే పటమునను మృదులాస్థి కానరాదు. ఎముకల నడిమి యెడము తగ్గుట మాత్రమే కానవచ్చును. అప్పటికి అసలులో కొంత ఖర్చైపోయి యుండును. చిట్టా వ్రాయని యింట అప్పు తెలిసినట్లు, నష్టము చివర తెలియును.

కంటికి కానరాని జమాఖర్చును పట్టు ఉపాయము చూపినవాడు హంగరీదేశీయుడైన జార్జ్ హెవెషీ. ఆయన మాంచెస్టరులో నివసించునపుడు, బసయింటి యజమానురాలు మిగిలిన వంటకమునే మరల వడ్డించుచున్నదని అనుమానించి, పళ్లెములో మిగిలినదానియందు లేశము రేడియోధార్మిక పదార్థము కలిపెననియు, కొన్నిదినములకు వడ్డించిన వంటకమున దాని జాడ బయటపడెననియు ఒక కథ గలదు. 1935లో ఆయన, ఖీవిట్జ్ అను వైద్యునితో కలిసి, ఎలుకలకు రేడియోధార్మిక భాస్వరము నిచ్చి, ఎముక రాయివలె నిశ్చలము కాదనియు, నిత్యము భాస్వరమును తీసికొనుచు విడుచుచు నుండుననియు నిరూపించెను. 1943వ సంవత్సరపు రసాయనశాస్త్ర నోబెల్ బహుమతి ఆయనకే లభించినది.

1971లో గోపాల్ సుబ్రమణియన్, జాన్ మకాఫీ అనువారు అమెరికాలో టెక్నీషియమను రేడియోధార్మిక మూలకమును భాస్వరసమ్మేళనముతో జతపఱచి, ఎముకలను చిత్రించు మార్గము సుగమము చేసిరి. ఆ మందును సిరలోనికి సూదితో ఎక్కించి, కొన్నిగంటలు నీరు త్రాగించి కూర్చుండబెట్టుదురు. పిమ్మట గామా కెమెరా క్రింద పరుండబెట్టగా, ఎముక తహతహలాడుచోట జాడ మెండుగా వెలుగును. దీని అర్ధాయువు 6 గంటలు. అనగా ఆఱేసి గంటలకు సగము చొప్పున తఱుగును. వెనుకటి పదాఱణాల రూపాయితో పోల్చినచో, 24 గంటలకు మిగులునది ఒక్క అణా. కావున వెఱపు అక్కఱలేదు. గర్భిణులును, పాలిచ్చు తల్లులును మాత్రము ముందుగనే వైద్యునితో చెప్పవలెను.

అయితే ఈ వెలుగు ఎముకదే, మృదులాస్థిది కాదు. ఇల్లు కాలినదని చెప్పును గాని, నిప్పురవ్వను చూపదు. ఈ కొఱత తీర్చుటకు ఫ్రాన్సుదేశమున క్లెర్మాన్-ఫెరాన్ నగరపు పరిశోధకులు ఎన్‌టీపీ 15-5 అను అణువును టెక్నీషియముతో జతపఱచిరి. ప్రోటియోగ్లైకానునకు ఋణవిద్యుదంశము మెండు. ఈ అణువునకు ధనవిద్యుదంశము గలదు. కావున రెండును ఆకర్షించుకొని, జాడ తిన్నగా మృదులాస్థికే చేరును. మోకాలు అరిగెడు గినీపందులపై పరీక్షించి, జాడ చేరికలోని మార్పునుబట్టి మృదులాస్థి స్థితిని గ్రహింప వీలున్నదని కనుగొనిరి. ఇది ఆసుపత్రులలో నిత్యపరీక్షగా ఇంకను స్థిరపడలేదు.

ఎముకల చిత్రణము మాత్రము హైదరాబాదు నిమ్స్, తిరుపతి స్విమ్స్ వంటి వైద్యసంస్థలలోని న్యూక్లియర్ మెడిసిన్ విభాగములలో జరుగును. సామాన్యపు మోకాటినొప్పికి అంతదూరము పోనక్కఱలేదు. వైద్యుని చేతిపరీక్షయు, ఎక్సురేయు చాలును. ఇన్ఫెక్షనో, పుండువ్యాధి ఎముకకు ప్రాకుటయో, కానరాని విఱుగుడో అనుమానమైనపుడే అట్టి పరీక్ష అవసరము.

మఱి ఆ క్రొత్తజాడ అందువఱకు చేయదగిన దేమి? మెట్లు దిగునపుడు నొప్పి, తెల్లవాఱగానే కొంచెముసేపు బిగుసుకొనుట, వంచినపుడు కటకటమను చప్పుడు – ఇవి తొలి సాక్షులు. వీనిని వయస్సు ఖాతాలో వ్రాసి ఊరకుండరాదు. స్థూలకాయులు ఒక కిలో బరువు తగ్గినచో, వేయు ప్రతి యడుగుకును మోకాటిపై సుమారు 4 కిలోల భారము తగ్గును. తొడకండరములు గట్టిపడినచో కీలుకు ఊతము. నొప్పిమాత్రలు వైద్యుని యనుమతి లేక నెలలకొలది మ్రింగిన మూత్రపిండములకు చేటు.

చెరువుకట్ట తెగినపిమ్మట గంపలు పట్టుకొని పరుగెత్తుటకంటె, చెమ్మ కనబడిననాడే మట్టి వేయుట మేలని ఈ కఱవుసీమ రైతునకు ఒకరు చెప్పనక్కఱలేదు. ఆ తెలివినే మోకాటికిని వర్తింపజేసినచో, కోటకొండ నెక్కు కాళ్లు కడవఱకు చల్లగా నుండును.