మరొక బోరు వేయవలెనా? కాగితము మీద తూచి చూచుట
(రైతు సదస్సులో చేసిన ప్రసంగ పాఠము)



అనంతపురము జిల్లాలో వేసవి వచ్చినదనగా చీనీ తోటలు గలవారందరి నోట ఒకే ప్రశ్న వినబడును. "బోరులో నీరు తగ్గినది, ఇంకొకటి వేయుదుమా?" ఈ ప్రశ్న నన్నడిగిన వారికి నేను వేయుమనియు చెప్పను, వద్దనియు చెప్పను. మీ చేని క్రింద ఏ రాయి యున్నదో, మీ ఇంటిలో ఎంత అప్పున్నదో నాకంటె మీకే బాగుగా తెలియును. ఎట్లు తూచి నిర్ణయించుకొనవచ్చునో మాత్రము చెప్పెదను.

1772వ సంవత్సరములో జోసెఫ్ ప్రీస్ట్లీ అను ఇంగ్లండు శాస్త్రజ్ఞుడు, తనకు వచ్చిన ఉద్యోగమును ఒప్పుకొనవలెనా మానవలెనా అని తేల్చుకొనలేక, మిత్రుడగు బెంజమిన్ ఫ్రాంక్లినును సలహా అడిగెను. ఫ్రాంక్లిను ఇది చేయుమని చెప్పలేదు. ఒక పద్ధతిని మాత్రము వ్రాసి పంపెను. కాగితమునకు నడుమ గీత గీసి, ఒక ప్రక్క అనుకూలములు, రెండవ ప్రక్క ప్రతికూలములు, తోచినప్పుడెల్ల మూడు నాలుగు దినములు వ్రాయుచుండవలెను. తరువాత ఈ ప్రక్కది ఆ ప్రక్కదానితో సరితూగినచో రెండింటిని కొట్టివేయవలెను. కడకు ఏ ప్రక్క మిగులునో అటు తక్కెడ మొగ్గినట్లు. ఈ మూడు నాలుగు దినముల గడువును తేలికగా చూడకుడు. ఆకు ముడుచుకొన్న మధ్యాహ్నము బోరు తప్ప మరేమియు తోచదు. వడ్డీవాడు వచ్చి పోయిన సాయంత్రము దాని పేరెత్తుటకే భయము. రెండు దినముల మాటలును కాగితము మీద ఉండవలెను.

కాగితము తీయుటకు ముందు ఒక పని యున్నది. 200 లీటర్ల డ్రమ్ము నొకటి బోరు గొట్టము క్రింద పెట్టి, ఎంతసేపటికి నిండునో గడియారముతో చూడుడు. మోటారు వేసిన వెంటనే కాక, రెండు గంటలు నడచిన తరువాత చూడవలెను. రెండున్నర నిమిషములకు నిండినదనుకొందము. అనగా గంటకు 4,800 లీటర్లు. ఏడు గంటలు నడచినచో 33,600 లీటర్లు. వేసవిలో కాపు చెట్టుకు డ్రిప్పు ద్వారా దినమునకు 100 లీటర్లని లెక్కకు పెట్టుకొనిన, ఈ నీరు 336 చెట్లకు వచ్చును. ఎకరమునకు 110 చెట్ల చొప్పున నాలుగెకరములలో ఉన్నవి 440. చాలనివి నూటనాలుగు చెట్లు, అనగా ఇంచుమించు ఒక ఎకరము.

ఇంతవరకు "తోట పోవునా, నిలుచునా" అని యుండిన ప్రశ్న, "ఒక ఎకరము చెట్ల కొరకు బోరు వేయుదుమా" అని మారినది. నేను చూచినంతలో ఈ కొలతతోనే సగము మంది మనసు కుదుటపడును.

ఇప్పుడు కాగితము. వేయుటకు అనుకూలమైన ప్రక్క ఒక బలమైన మాట యున్నది: చీనీ చెట్టు నాటిన ఐదారేండ్లకు గాని సరిగా కాపునకు రాదు. ఎకరము ఎండినచో పోవునది ఒక యేటి పంట మాత్రమే కాదు. దీనిని తక్కువ చేసి వ్రాయవద్దు. రెండవ ప్రక్క ఖర్చు. లెక్కకు, తవ్వకమునకు ఒక లక్ష, నీరు పడినచో మోటారునకు, గొట్టములకు మరి 75,000 అనుకొందము. లక్ష రూపాయలు నూటికి రెండు రూపాయల వడ్డీకి తెచ్చినచో ఏడాదికి 24,000 వడ్డీయే అగును.

నీరు పడునా అన్నదానికి కొబ్బరికాయ పట్టువారు ఒకటి చెప్పుదురు. వారి సంగతి అటుంచుడు. మీ చేని చుట్టు గడచిన మూడు నాలుగేండ్లలో వేసిన బోర్లను వ్రేళ్లమీద లెక్కింపుడు. తొమ్మిదింట మూడు పడినచో, మీకును మూడింట ఒక వంతు ఆశ యున్నదనుకొనుట న్యాయము. మూడు వేయగలవానికి ఒకటి పడవచ్చును. ఒక్కటే వేయగల రైతునకు మూడింట రెండు పాళ్లు ఆ లక్ష పోవుటకే అవకాశము. క్రొత్త బోరు పాతదానికి చేరువైనచో పాతదాని నీటినే లాగును, ఇదియు వ్రాయవలెను.

ఏ ప్రక్కను వ్రాయరానిది ఒకటి కలదు. "ఇప్పటికి మూడు బోర్లకు మూడు లక్షలు పోసితిని, ఇప్పుడు ఆపిన అదంతయు వృథాయే కదా" అందురు. ఆ మూడు లక్షలు మీరు వేసినను రావు, మానినను రావు. కనుక తక్కెడలో దానికి చోటు లేదు. వినుటకు సులువు, ఒప్పుకొనుట కష్టము. కుటుంబములు చితికిపోవుట ఎక్కువగా ఈ ఒక్క మాట వలననే అని నా అభిప్రాయము. అయితే ఆ బోర్లు నేర్పినది వ్రాయుడు: ఎన్ని అడుగులకు తడి తగిలినది, ఏ రాయి వచ్చినది, ఎన్ని నెలలకు ఎండినది.

తరువాత మూడవ త్రోవ ఉన్నదేమో చూడుడు. బంక తెగులుతోను, కొమ్మలెండియు ఉన్న చెట్లను గుర్తించి వాటిని వదలుకొనిన, నూటనాలుగులో ఎన్ని తగ్గును? పాదులలో వేరుశనగ పొట్టు పరచుట, డ్రిప్పు కారుచున్నచోట్ల సరిచేయుట చిన్న ఖర్చులే. బోరునకు ఎదురుగా వీటిని వ్రాసి చూచినగాని తూకము పూర్తి కాదు.

కాగితమును ఇంటిలో ఆడవారికి చదివి వినిపింపుడు. కుదువ పెట్టునది వారి బంగారమే గదా. "నీరు పడకపోయిన ఈ యేడు ఇల్లు గడచునా?" అని వారు తప్పక అడుగుదురు. సమాధానము లేనిచో, అనుకూలములు ఎన్ని యున్నను ఆ యేటికి బోరుబండిని పిలువకుడు. సమాధానము ఉండి, తక్కెడ అటే మొగ్గినచో, భూగర్భ జల శాఖ వారిచేత పరీక్ష చేయించి, 2002 నాటి వాల్టా చట్టము ప్రకారము అనుమతి తీసికొని వేయింపుడు.

డ్రమ్ము కొలతకు ఆకు ముడుచుకొనువరకు ఆగవద్దు. శివరాత్రికి ముందొకసారి, ఉగాదికి మరల ఒకసారి కొలిచి తేదీతో వ్రాసి పెట్టుకొనినచో, నీరు ఎంత వేగముగా తగ్గుచున్నదో తెలిసి, కాగితము ముందు కూర్చొనుటకు మీకు నెల దినములైన వ్యవధి దొరకును.