యంత్రములో నకలు



దస్తావేజునకు నకలు తీయుట యెంతటి బాధ్యతయో మీకు వేఱుగ జెప్ప బనిలేదు. సర్వే నంబరులో నొక్క యంకె మాఱినచో నొకని పొలము వేఱొకని పేర జేరును. కంప్యూటరులోపల గూడ నిట్టి నకళ్లు కోట్లకొలది జరుగుచుండును. అందొక నకలును గూర్చి నేడు మనవి చేసెదను.

కంప్యూటరు లెక్కలు చేయుచోట చిన్నచిన్న యరలు గలవు. వానిని రిజిష్టరు లందురు; రిజిష్ట్రారు కచేరీ పుస్తకములతో వీనికి సంబంధము లేదు. ఒక్కొక్క యరలో నొక్కొక్క సంఖ్య యుండును. యంత్రమునకు నేరుగ నాజ్ఞలిచ్చు భాష అసెంబ్లీ భాష. అమెరికాలోని బర్క్‌లీ విశ్వవిద్యాలయమున 2010లో ‘రిస్క్-ఫైవ్’ అను నాజ్ఞావళి యారంభమైనది. మద్రాసు ఐ.ఐ.టి. వారి ‘శక్తి’ ప్రాసెసర్లు దీని ననుసరించినవే.

ఇందు పూర్ణసంఖ్యను నకలు చేయుటకు ప్రత్యేకముగ నాజ్ఞ లేదు. సంఖ్యకు సున్న కలిపి, వచ్చినదానిని రెండవ యరలో నుంచుదురు. ఐదునకు సున్న కలిపిన నైదే గదా! చక్కని పొదుపు. కాని భిన్నములతో గూడిన సంఖ్యలకు వేఱుగ 32 అరలున్నవి. అచట నీ యుపాయము చెల్లదు.

ఏలయన, అట్టి పెద్ద సంఖ్య 64 బిట్లతో వ్రాయబడును. బిట్టనగా సున్నగాని ఒకటిగాని. అందు గుర్తునకు 1, బిందువుయొక్క స్థానమునకు 11, అంకెలకు 52. ఐ-ట్రిపుల్-ఇ సంస్థవారు 1985లో నీ పద్ధతిని ప్రమాణముగ బ్రకటించిరి. దాని రూపకల్పనలో విలియం కహాన్ గారు ముఖ్యులు. గుర్తు విడిగ నుండుటచే సున్నలు రెండైనవి: ధన సున్న, ఋణ సున్న. వింతగ దోచవచ్చును. అతిస్వల్పమగు ఋణసంఖ్య క్షీణించి క్షీణించి సున్నయైనపు డది యే వైపునుండి వచ్చినదో యా గుర్తు చెప్పుచుండును. ఒకటిని ధన సున్నచే భాగించిన ధన అనంతమును, ఋణ సున్నచే భాగించిన ఋణ అనంతమును వచ్చును. ఆకాశ పాతాళముల భేదము!

సాధారణ నియమము ప్రకారము ఋణ సున్నకు ధన సున్న కలిపిన ధన సున్నయే వచ్చును. అనగా నకలులో గుర్తు పోయినది. అసలును నకలును పోల్చి చూడుమన్నచో యంత్రము రెండును సమానమే యని చెప్పును! తప్పు బయటపడు మార్గ మిక నేది? ఋణ సున్ననే కలుపరాదా యని మీలో నొకరడుగవచ్చును. యుక్తమైన ప్రశ్నయే. కాని అర్థములేని లెక్కకు ఫలముగ ‘సంఖ్య కాదు’ అను నొక గుర్తు అరలో నుండవచ్చును. అందు దాచిన వివరమును కూడిక తుడిచివేయును.

కావున ‘ఎఫ్-ఎస్-జి-ఎన్-జె’ యను నాజ్ఞ నేర్పరచిరి. ఇది మొదటి యరనుండి సంఖ్యయొక్క దేహమును, రెండవ యరనుండి గుర్తును గైకొని మూడవ యరలో నుంచును. రెండుచోట్లను ఒకే యరను జెప్పితిమా, అచ్చమైన నకలు సిద్ధము. వ్రాయువాడు ‘ఎఫ్-ఎమ్-వి’ యని క్లుప్తముగ వ్రాయును. అసెంబ్లరు దానిని పై యాజ్ఞగ మార్చుకొనును. దీని తోడియాజ్ఞ లింక రెండు గలవు: ఒకటి గుర్తును తలక్రిందు చేయుటకు, మఱొకటి ఋణగుర్తును తొలగించుటకు నుపకరించును.

ఈ యాజ్ఞ కూడదు, తీసివేయదు, సవరింపదు. అరలో ‘సంఖ్య కాదు’ అనునదే యున్నను, ఆక్షేపణ తెలుపక, 64 బిట్లను నున్నవి యున్నట్లే దింపును.