బాయి గేటు నుంచి రాష్ట్రం దాకా: 2011లో గోదావరిఖని

2011 సెప్టెంబరు 13 మంగళవారం. ఆనాటి ఆదిలాబాద్, కరీంనగర్, వరంగల్, ఖమ్మం జిల్లాల్లో పరుచుకున్న సింగరేణి బాయిల్లో కార్మికులు పనిలోకి దిగలేదు. ముందు రోజే కరీంనగర్‌లో జనగర్జన సభ జరిగింది. తెల్లవారేసరికి తెలంగాణ అంతటా సకల జనుల సమ్మె మొదలైంది. గుమస్తాలు, టీచర్లు, వకీళ్లు విధులు మానుకున్నారు. కొన్ని రోజులకు ఆర్టీసీ బస్సులు కూడా డిపోలకే పరిమితమయ్యాయి. అయితే ఢిల్లీకి సెగ తగిలేలా చేసిన సమ్మె మాత్రం బొగ్గుబాయి కార్మికులదే. ఆ ఒక్క ఏడాదిలో రామగుండం, గోదావరిఖని ప్రజాజీవితం ఎలా నడిచిందో, అక్కడి రాజకీయం ఎక్కడ పుట్టి ఎక్కడి దాకా పాకిందో చెప్పుకోవడమే ఈ ఉపన్యాసం పని.

అసలు విషయం ముందే చెప్పుకోవాలి. ఆ సమ్మెలో కార్మికుడు యాజమాన్యాన్ని అడిగింది ఏమీ లేదు. జీతం పెంచమనలేదు, బోనస్ అడగలేదు, క్వార్టరు కావాలనలేదు. తెలంగాణ రాష్ట్రం కావాలన్నాడు. అది సింగరేణి చైర్మన్ ఇవ్వగలిగింది కాదు, బాయి మేనేజరు ఇవ్వగలిగింది అంతకన్నా కాదు. బొగ్గు గనుల పారిశ్రామిక వివాదాలు కేంద్ర కార్మిక శాఖ పరిధిలోకి వస్తాయి. కానీ ఆ శాఖ అధికారి ఇరుపక్షాలనూ కూర్చోబెట్టి రాజీ చేద్దామన్నా రాజీకి అక్కడ వస్తువే లేదు. గెలిచినా కార్మికుడి జేబులోకి ఒక్క రూపాయి అదనంగా రాని సమ్మె అది. పోయే జీతం మాత్రం ఖాయం. ఇలాంటి సమ్మెను ముప్పై అయిదు రోజులు నిలబెట్టడం ఎవరో హైదరాబాదు నుంచి పిలుపునిస్తే అయ్యే పని కాదు. దాని వెనక బాయి గేటు దగ్గర తరాలుగా పెరిగిన అలవాటు ఉంది.

ఆ అలవాటు పేరు గేట్ మీటింగ్. షిఫ్టు దిగే ముందు, మస్టర్ పడకముందు, ల్యాంప్ రూమ్ దగ్గర గుమికూడిన పదుల మందితో యూనియన్ నాయకుడు నాలుగు మాటలు మాట్లాడతాడు. జెండా కర్ర ఒకటి చాలు, మైకు ఉంటే ఉన్నట్టు, లేకుంటే లేనట్టు. దేశంలో ఏం జరుగుతున్నదో, వేజ్‌బోర్డు చర్చల్లో ఏం తేలిందో, నిన్న ఏ బాయిలో పైకప్పు కూలిందో చాలామందికి మొదట తెలిసేది అక్కడే. నచ్చని నాయకుడిని అక్కడే నిలదీస్తారు కూడా. పట్టణంలో సభ పెట్టాలంటే అనుమతి కావాలి, జనాన్ని తోలాలి. గేటు దగ్గరికి మూడు షిఫ్టులకూ జనం తమంతట తామే వస్తారు.

సింగరేణి చరిత్ర చాలా పాతది. బొగ్గు తవ్వకం ఇల్లందు దగ్గర 1889లో మొదలైంది. కంపెనీకి సింగరేణి కాలరీస్ అనే పేరు 1920లో వచ్చింది. గోదావరి ఒడ్డున ఉన్న ఈ పట్టణం మాత్రం 1960ల చుట్టూ, బాయిలు పడ్డాక లేచింది. పల్లెల్లో భూమి లేనివాళ్లు, దొరల వెట్టి నుంచి తప్పించుకోవాలనుకున్నవాళ్లు ఇక్కడికి వచ్చి కోల్ ఫిల్లర్లయ్యారు, ట్రామర్లయ్యారు. వాళ్ల జీవితంలో రాజకీయం ఊరి గడీని వదిలి బాయి గేటుకు మారింది.

1981లో ఒక రోజు మెరుపు సమ్మెకు ఎనిమిది రోజుల జీతం కోస్తామన్న నిబంధన మీద ఇక్కడ యాభై ఆరు రోజుల సమ్మె సాగింది. సింగరేణి కార్మిక సమాఖ్య, జనం నోట సికాస, ఆ పోరాటంతోనే వెలుగులోకి వచ్చింది. తర్వాతి పదేళ్లలో చిన్నా పెద్దా కలిపి ఏటా వందల సమ్మెలు జరిగిన రోజులున్నాయి. నిర్బంధమూ అంతే గట్టిగా వచ్చింది. కంపెనీ నష్టాల్లో కూరుకుపోయింది. 1998లో మొదటిసారి రహస్య బ్యాలెట్‌తో, యాజమాన్యంతో చర్చలు జరిపే గుర్తింపు సంఘానికి ఎన్నికలు జరిగాయి, సీపీఐ అనుబంధ ఏఐటీయూసీ గెలిచింది. అప్పటి నుంచి బాయి కార్మికుడు అసెంబ్లీకి ఓటేసినంత పట్టుదలగా యూనియన్‌కూ ఓటేస్తున్నాడు.

ప్రజాజీవితాన్ని కదిలించేవి ఎన్నికలు మాత్రమే కావు. 2003 జూన్ 16న గోదావరిఖని 7 ఎల్‌ఈపీ గనిలోకి నీరు ముంచుకొచ్చి పదిహేడు మంది కార్మికులు చనిపోయారు. ఆ చావులను మరిచి ఇక్కడి రాజకీయం గురించి మాట్లాడితే అది అబద్ధమవుతుంది. బాయిలో ఎవరైనా పోయిన రోజు జెండా రంగులు పక్కన పెట్టి అందరూ ఒకే గేటు దగ్గర నిలబడతారు. 2011లో జేఏసీ (ఐక్య కార్యాచరణ సమితి) అన్న మాట వచ్చినప్పుడు కార్మికులకు అది కొత్తగా అనిపించలేదంటే దానికి ఇదొక కారణం.

ఆ ఏడాది క్యాలెండరు మొదటి వారం నుంచే వేడెక్కింది. జనవరి 6న, తెలంగాణ సమస్య మీద కేంద్రం వేసిన శ్రీకృష్ణ కమిటీ నివేదిక బయటికొచ్చింది. ఆరు మార్గాలు చెప్పిందే తప్ప ఏదీ తేల్చలేదని జనం భావించారు. ఫిబ్రవరి 17 నుంచి ఉద్యోగుల సహాయ నిరాకరణ నడిచింది. మార్చి 10న హైదరాబాదు ట్యాంక్‌బండ్ మీద మిలియన్ మార్చ్ జరిగింది. రోడ్ల మీద వంటావార్పులు సాగాయి. జూలై 4న కాంగ్రెస్, తెలుగుదేశం పార్టీల తెలంగాణ శాసనసభ్యులు మూకుమ్మడిగా రాజీనామాలు ఇచ్చారు, స్పీకర్ వాటిని తిరస్కరించారు. ఎన్నికైనవాళ్ల దారి మూసుకుపోయాక సమ్మె తప్ప మిగిలిందేమీ లేదు. ఆ సమ్మె బరువు ఎక్కువగా బొగ్గు మీద పడింది.

ఎందుకు పడిందో తెలియాలంటే రామగుండాన్ని చూస్తే చాలు. 2011లో ఇక్కడి ఎన్టీపీసీ విద్యుత్ కేంద్రం స్థాపిత సామర్థ్యం 2600 మెగావాట్లు. అక్కడ పుట్టే కరెంటు ఆనాటి ఆంధ్రప్రదేశ్‌కే కాదు, కర్ణాటక, తమిళనాడు, కేరళలకూ వెళ్లేది. పక్కనే ఉన్న బాయిల బొగ్గుతో నడుస్తుంది కాబట్టి దూరం నుంచి బొగ్గు తెప్పించుకునే కేంద్రాల్లా ఎక్కువ నిల్వ పెట్టుకోవాల్సిన అవసరం దానికి రాలేదు. కొత్తగూడెం కేంద్రం సంగతీ దాదాపు అంతే. బొగ్గు రావడం ఆగాక నిల్వలు రోజుల లెక్కకు పడిపోయాయి. ఓపెన్‌కాస్టుల్లో పోలీసు కాపలాతో కొంత బొగ్గు తీసినా సరిపోలేదు. ఉత్పత్తి తగ్గించారు, రాష్ట్రమంతటా కోతలు పెట్టారు.

ఇక్కడ ఒక కఠినమైన నిజాన్ని దాటవేయకూడదు. ఆ కోతల దెబ్బ హైదరాబాదు ఫ్యాక్టరీలకే పరిమితం కాలేదు. సెప్టెంబరు, అక్టోబరు అంటే వరి పొట్టకొచ్చి ఈనే కాలం. తెలంగాణ రైతు బతుకు బోరుబావి మీద, బోరు బతుకు కరెంటు మీద ఆధారపడ్డాయి. బొగ్గుబాయి కార్మికుడి అన్నదమ్ములు, బావమరుదులు ఆ రైతుల్లోనే ఉన్నారు. సమ్మె భారాన్ని సమ్మె చేసినవాడి ఊరే ఎక్కువ మోసింది. ఉద్యమ చరిత్ర రాసేవాళ్లు ఈ పేజీని వదిలేస్తే చరిత్ర సగమే అవుతుంది.

యూనియన్ల ఇరకాటం కూడా చెప్పుకోదగ్గదే. ఐఎన్‌టీయూసీ కాంగ్రెస్ అనుబంధ సంఘం, రాష్ట్రంలోనూ కేంద్రంలోనూ ప్రభుత్వం కాంగ్రెస్‌దే. ఆ సంఘం కార్మికులు సమ్మెలో నిలబడటమంటే సొంత పార్టీ ముఖ్యమంత్రి కిరణ్‌కుమార్‌రెడ్డికి ఎదురు నిలవడమే. సీఐటీయూ వెనకున్న సీపీఎం భాషాప్రయుక్త రాష్ట్రం నిలవాలన్న పార్టీ. ఏఐటీయూసీకి ఆ చిక్కు లేదు, సీపీఐ అప్పటికే తెలంగాణకు సరే అంది. టీఆర్ఎస్ అనుబంధ తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘానికి ఇది సొంత పోరాటం. ఇన్ని దారుల వాళ్లు ఒకే గేటు దగ్గర కలిశారంటే పార్టీ ఆఫీసు కన్నా గేటు బలమైనదని అర్థం.

బ్రిటన్‌లోనూ 1974లో బొగ్గు కార్మికుల సమ్మె ప్రభుత్వాన్ని ఎన్నికలకు నెట్టింది, ప్రధాని హీత్ ఓడిపోయారు. వాళ్లు కూలి కోసం పోరాడారు, గెలిచి కూలి పెంచుకున్నారు. గోదావరిఖని కార్మికుడికి ఆ పాటి ప్రతిఫలం కూడా ఎదురుగా లేదు.

ఆ ఏడాది దసరా అక్టోబరు 6న వచ్చింది, సమ్మె సాగుతుండగానే. బొగ్గుబాయి పట్టణంలో దసరా అంటే బట్టల దుకాణాలు కిక్కిరిసే పండుగ, కొత్త బండి కొనే పండుగ. ఆ దసరాకు జీతం రాలేదు. బతుకమ్మ మాత్రం ఆగలేదు, కాలనీల్లో ఆడవాళ్లు ఉద్యమాన్ని ఆ ఆటలోకి తెచ్చారు. జీతం లేని ఇంటిని నెల దాటి నెట్టుకొచ్చిన ఆ ఆడవాళ్ల పేర్లు ఏ జేఏసీ జాబితాలోనూ లేవు. సమ్మెను నిజంగా మోసింది వాళ్లేనన్నది ఈ ఉపన్యాసం గట్టిగా చెప్పదలచిన మాట.

అక్టోబరు మూడో వారంలో బొగ్గుబాయి కార్మికులు పనిలోకి వెళ్లారు. మొత్తం సమ్మె నలభై రెండు రోజుల తర్వాత, అక్టోబరు 24న, తాత్కాలికంగా ఆగింది. రాష్ట్రం అప్పటికింకా రాలేదు. ఓడిపోయామన్న నిరాశ ఆ వారాల్లో చాలామందిని కమ్మింది. తర్వాత జరిగింది ఎక్కువమంది గమనించలేదు. 2010-11లో సింగరేణి 51.33 మిలియన్ టన్నుల బొగ్గు తీసింది. నెలకు పైగా సమ్మె జరిగిన 2011-12లో తీసింది 52.21 మిలియన్ టన్నులు. మిగిలిన నెలల్లో అదే కార్మికులు ఆ లోటును పూడ్చి, పై నుంచి కొంత కలిపారు. సమ్మె అంటే సంస్థ మీద పగ అనుకునేవాళ్లకు ఈ రెండు అంకెలు చూపించాలి.

2012 జూన్‌లో జరిగిన గుర్తింపు ఎన్నికల్లో తెలంగాణ బొగ్గుగని కార్మిక సంఘం గెలిచింది. 2014 జూన్ 2న రాష్ట్రం వచ్చింది. 2017లో అదే సంఘం మళ్లీ గెలిచింది, 2023 డిసెంబరులో ఏఐటీయూసీ గెలిచింది. రాష్ట్రం తెచ్చిన సంఘమనే పేరు ఓట్లను ఎల్లకాలం కాపాడలేదు. వారసత్వ ఉద్యోగాలు, మూతపడే భూగర్భ గనులు, ఊళ్లను మింగే ఓపెన్‌కాస్టులు మళ్లీ గేటు ముందుకు వచ్చాయి.

1990ల మొదట్లో లక్ష దాటిన పర్మినెంటు కార్మికులు ఇప్పుడు అందులో సగం కూడా లేరు. మట్టి తీసే పని, రవాణా, కాపలా, పారిశుద్ధ్యం చాలా వరకు కాంట్రాక్టు కార్మికుల చేతుల్లోకి పోయాయి. వాళ్లకు గుర్తింపు సంఘం ఎన్నికల్లో ఓటు లేదు. 2011లో రాష్ట్రం కోసం గేటు దగ్గర నిలబడినవాళ్లలో కాంట్రాక్టు కార్మికులూ ఉన్నారు. వాళ్లకు ఆ ఓటు ఇవ్వాలన్న డిమాండును గోదావరిఖనిలోని అన్ని సంఘాలూ వచ్చే ఎన్నికలకు ముందే ఒక్క గొంతుతో పెట్టాలి.