విద్యుత్తు ఉన్నంతసేపే ఉండే అర
(పాఠశాల ప్లాటినం జూబిలీ సభలో చేసిన ప్రసంగ పాఠం)



పలకా బలపంతో అక్షరాభ్యాసం చేసినవారు ఈ సభలో అనేకులు ఉన్నారు. లెక్కను ముందు పలక మీద చేసి, సరిచూసుకొని, పిమ్మట నోటుపుస్తకంలోకి ఎక్కించడం ఆనాటి పద్ధతి. పలక మీద రాయడం సులువు. తుడిచివేయడం మరింత సులువు. తడిగుడ్డ తగిలిందంటే చేసిన లెక్కంతా పోయినట్లే. గృహ కంప్యూటర్ల చరిత్రలో ఇటువంటి పలక ఒకటి ఉంది. దాని పేరు ర్యామ్ డిస్కు. కంప్యూటరు పనిచేసే జ్ఞాపకంలో, అనగా మెమొరీలో, కొంత భాగాన్ని వేరుచేసి, దానిని ఒక డిస్కుగా భావించమని యంత్రానికి చెప్పడమే ర్యామ్ డిస్కు ఏర్పాటు. చూడడానికి డిస్కు, తాకడానికి ఏమీ లేదు.

ఇందుకు చక్కని ఉదాహరణ ఇంగ్లండులో ఆమ్‌స్ట్రాడ్ సంస్థ 1985 సెప్టెంబరులో విడుదల చేసిన పి.సి.డబ్ల్యు. 8256. తెర, మీటల పలక, ముద్రణ యంత్రం, మూడంగుళాల డిస్కు డ్రైవు ఒకటి, అన్నీ కలిపి పన్ను కాక 399 పౌండ్లకు లభించేవి. అంతవరకు టైపురైటరుతో సరిపెట్టుకొన్న రచయితలు, గుమాస్తాలు, చిన్న వ్యాపారులు ఎందరో దానిని ఇంటికి తెచ్చుకొన్నారు. ఆకుపచ్చని అక్షరాలు కనిపించే ఆ తెర మీద 90 నిలువు వరుసలు, 32 పంక్తులు పట్టేవి. ఇంచుమించు ఆ రోజులలోనే, 1984లో ఆరంభమైన క్లాస్ పథకం కింద, భారతదేశంలో ఎంపికైన పాఠశాలలకు అందినది మరొక బ్రిటిష్ యంత్రం, బి.బి.సి. మైక్రో. దాని జ్ఞాపకం 32 కిలోబైట్లు మాత్రమే. ఆమ్‌స్ట్రాడ్ యంత్రంలో 256 కిలోబైట్లు ఉండడం ఆనాటికి సంపన్నతే.

అయితే ఈ సంపదలో ఒక చిక్కు ఉంది. యంత్రానికి మెదడైన జెడ్-80 అనే చిప్పుకు చిరునామా తీగలు పదహారే. పదహారు తీగలతో చెప్పగల చిరునామాలు 65,536; అంటే 64 కిలోబైట్లు. అంతకు మించినది ఎంత ఉన్నా అది ఒక్కసారిగా చూడలేదు. పెద్ద ఇల్లు కట్టుకొని నాలుగు గదుల తాళాలే దగ్గర ఉంచుకొన్న గృహస్థు పరిస్థితి ఇది. అందుచేత నిర్మాతలు జ్ఞాపకాన్ని 16 కిలోబైట్ల ముక్కలుగా విభజించి, అవసరమైన ముక్కను ఎదుటికి తెచ్చి, అవసరం తీరగానే పక్కకు జరిపే ఏర్పాటు చేశారు. అలా మిగిలిన జ్ఞాపకంలో అధిక భాగాన్ని ఎం అనే అక్షరంతో ఒక డ్రైవుగా చూపారు. యంత్రంలో సి.పి.ఎం. ప్లస్ వ్యవస్థను ఎక్కించగానే, ఒక డిస్కు డ్రైవు ఉన్నదనీ, 112 కిలోబైట్ల ఎం డ్రైవు ఉన్నదనీ తెర మీద ప్రకటన కనిపిస్తుంది. రెట్టింపు జ్ఞాపకం గల 8512లో ఆ సంఖ్య 368. రెంటికీ భేదం సరిగ్గా 256. అంటే అదనంగా చేర్చిన జ్ఞాపకమంతా ఎం డ్రైవుకే చెందిందన్నమాట. గణితం చెప్పే ఉపాధ్యాయులకు ఈ తీసివేత నచ్చుతుంది.

ఎందుకింత శ్రమ? అసలు డిస్కు నిమిషానికి 300 చుట్లు తిరుగుతుంది. మోటారు వేగం అందుకోవాలి, చదివే ముక్కు సరైన వలయం మీదికి జరగాలి, కావలసిన భాగం దాని కిందికి వచ్చేవరకు వేచి ఉండాలి. ఒక్కొక్క చుట్టుకు సెకనులో అయిదవ వంతు. జ్ఞాపకంలో తిరిగేదీ జరిగేదీ ఏదీ లేదు కనుక ఫైలు కోరిన వెంటనే వస్తుంది. వంటింట్లో ప్రతి తాలింపుకూ అటక ఎక్కి ఆవాలు దింపే ఇల్లాలు ఎవరూ ఉండరు. పోపుల పెట్టె పొయ్యి పక్కనే ఉంటుంది. ఎం డ్రైవు ఆ పోపుల పెట్టె.

దానిని నింపే విధానం ఇది. ముందుగా యంత్రంతో వచ్చిన మూల డిస్కుకు నకలు తీసి, మూలాన్ని భద్రపరచాలి. (ఈ మొదటి మెట్టును దాటవేసేవారే ఎక్కువ.) ఆ నకలు డిస్కులో ప్రొఫైల్.సబ్ అనే పేరుతో ఒక చిన్న పాఠ్య ఫైలు రాయాలి. అదే డిస్కులో సబ్మిట్.కామ్, పిప్.కామ్, సెట్‌డెఫ్.కామ్ ఫైళ్లు తప్పక ఉండాలి. యంత్రం మేలుకొన్నప్పుడల్లా ప్రొఫైల్.సబ్ ఉన్నదా అని వెతికి, ఉంటే అందులోని ఆజ్ఞలను వరుసగా అమలు చేస్తుంది. మొదటి పంక్తిలో "పిప్ ఎం:=బేసిక్.కామ్" అని రాస్తే ఆ ప్రోగ్రాము ఎం డ్రైవులోకి నకలు అవుతుంది. నిత్యం వాడే తక్కిన వాటికీ అదే తీరు. చివరి పంక్తి "సెట్‌డెఫ్ ఎం:,*". ఏ ప్రోగ్రాము అడిగినా ముందు ఎం లో చూడు, అక్కడ లేకుంటే ప్రస్తుత డ్రైవులో చూడు అని దీని అర్థం. ఈ పంక్తి మరచితే ఎం లో అన్నీ ఉన్నా యంత్రం తనంతట తాను అక్కడికి వెళ్లి చూడదు. పోపుల పెట్టెను బీరువాలో పెట్టి తాళం వేసినట్లవుతుంది.

ఇతర గృహ కంప్యూటర్లలోనూ ఈ పద్ధతి ఉండేది. 1985 నాటి అటారీ 130 ఎక్స్.ఇ. లో అది ఎనిమిదవ డ్రైవుగా కనిపించేది. సింక్లెయిర్ స్పెక్ట్రమ్ 128లో సేవ్ అన్న మాట పక్కన ఆశ్చర్యార్థకం పెడితే చాలు, ప్రోగ్రాము క్యాసెట్టుకు బదులు జ్ఞాపకంలోకి వెళ్లేది.

ఇక ప్రమాదం సంగతి. ఎం డ్రైవు పేరు తెర మీద ఎ డ్రైవు పేరు పక్కనే, అదే రూపంలో కనిపిస్తుంది. అందులో ఫైలు దాచితే దాచినట్లే సమాధానం వస్తుంది. సాయంత్రమంతా కూర్చొని పది పుటలు రాసిన మనిషి, వేగంగా ఉన్నదని ఎం లోనే దాచుకొంటూ పోయి, భోజనానికి లేస్తూ మీట ఆపివేస్తే, లేదా ఇంట్లో ఎవరో తెలియక ప్లగ్గు లాగితే, ఆ పది పుటలూ లేవు. వాటిని తిరిగి తెచ్చే ఉపాయం ఏ నిపుణుని వద్దా లేదు. యంత్రం అబద్ధమాడలేదు, దాచమన్న చోటే దాచింది. కనుక ఎం లో ఉంచవలసినవి ప్రోగ్రాముల నకళ్లే. మూలం అసలు డిస్కులో ఉన్నది కనుక నకలు పోయినా నష్టం లేదు. చేతితో రాసినది మాత్రం గంటకొకసారైనా ఎ డ్రైవుకు చేరాలి.

ఆ యంత్రాలు నేటికీ కొందరి ఇళ్లలో ఉన్నాయి. వాటి డ్రైవులను తిప్పే రబ్బరు బెల్టు ఏళ్లు గడిచేకొద్దీ సాగి, జారి, డిస్కు చదవడం ఆగిపోతుంది. కొత్త బెల్టు వేస్తే చాలా వరకు మళ్లీ చదువుతుంది. తండ్రి రాసుకొన్న ఉత్తరాలు, తల్లి పూర్తిచేయని నవల అందులో ఉంటే కుటుంబానికి అది చిన్న విషయం కాదు. అప్పుడు ఎం డ్రైవు తాత్కాలికతే ఉపకరిస్తుంది. ఒకే డ్రైవు గల యంత్రంలో శిథిలమైన పాత డిస్కును పదేపదే పెట్టి తీయడం క్షేమం కాదు. పాత డిస్కు పెట్టి ఫైళ్లను ఎం లోకి తెచ్చుకోవాలి, డిస్కు మార్చి కొత్తదాని మీదికి దించాలి. డిస్కు ఒక ముఖం మీద పట్టేది 180 కిలోబైట్లలోపు. ఎం లో చోటు 112. నిండా ఫైళ్లున్న ముఖమైనా రెండు విడతలలో పని ముగుస్తుంది. ఆ రెండు విడతల నడుమ మాత్రం ప్లగ్గు దగ్గరకు పిల్లలను రానివ్వకూడదు.